ఆరో తరగతి బడి 4 కిలోమీటర్ల అవతల ఉంది, నడవలేని బాబును రోజూ పంపేదెలా?

ప్రకాశం జిల్లా నుంచి ఒక తల్లి అడిగారు. వాళ్లబ్బాయికి 11 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని వైకల్యం), సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం వైకల్యం. ఊళ్లో ప్రైమరీ బడి రెండు వీధుల అవతలే కాబట్టి ఐదో తరగతి దాకా ఎత్తుకునే తీసుకెళ్లారు. ఇప్పుడు ఆరో తరగతికి హైస్కూలు పక్క ఊళ్లో, 4 కిలోమీటర్లు. బాబు 28 కిలోలు ఉన్నాడు, ఆవిడకు నడుం నొప్పి. భర్త బేల్దారి పనికి పొద్దున్నే వెళ్లిపోతాడు. ఆటో అతను బాబు ఒక్కడికి నెలకు 2,500 అడుగుతున్నాడు. బడిలోనేమో "ఇంటి దగ్గరే ఉంచండమ్మా, వారానికోసారి టీచరే మీ ఇంటికి వస్తారు, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారట. సంతకం పెట్టాలా, గవర్నమెంటు బండి ఏమైనా ఇస్తుందా అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, ముందు ఆ సంతకం సంగతి. పెట్టకండి. ఈ జవాబు పూర్తిగా చదివాక కూడా పెట్టాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

నేను మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే ఆ పిల్లల టీచర్‌గా, 18 ఏళ్లు పనిచేశాను. మీ బడివాళ్లు చెప్పిన "వారానికోసారి ఇంటికి వచ్చే టీచర్" ఉద్యోగం నాదే. నేను వెళ్లిన ఇళ్లలో ఆ గంటా గంటన్నర కోసం పిల్లలు వారమంతా గుమ్మం వైపు చూస్తూ ఉండేవాళ్లు. ఇంటి దగ్గర చదువు అసలు బయటికి రాలేని పిల్లల కోసం పెట్టింది. ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు, మాటిమాటికీ ఫిట్స్ వచ్చేవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు అలాంటివాళ్లు. ఐదేళ్లు బడికి వెళ్లి, తోటి పిల్లల పేర్లన్నీ చెప్పగలిగే మీ బాబు కోసం కాదు. విద్యాహక్కు చట్టంలో 2012 సవరణ ఈ వెసులుబాటు తెచ్చింది. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు "ఎంచుకోవచ్చు" అంది. ఎంచుకునేది పిల్లవాడి తరఫున మీరు. బండి లేదు కదా అని బడివాళ్లు మీ మీద పెట్టేది కాదు. ఒకసారి ఇంటి దగ్గర చదువు జాబితాలో పేరు ఎక్కితే రవాణా, ఎస్కార్ట్ (తోడు వచ్చే మనిషికి ఇచ్చే) భత్యాల జాబితాలో పేరు ఉండదు. ఇంట్లో ఉండే పిల్లవాడికి దారి ఖర్చు ఎందుకిస్తారు? అందుకే ఆ కాగితం విషయంలో తొందరపడొద్దంటున్నాను. ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే కంగారు పడకండి, మళ్లీ బడికి పంపుతాం అని రాసివ్వొచ్చు.

రెండో ప్రశ్న, గవర్నమెంటు బండి. సూటిగా చెప్పాలంటే మీ గుమ్మం ముందుకు వచ్చి ఆగే ప్రభుత్వ బండి మన దగ్గర దాదాపు ఎక్కడా లేదు. హక్కు మాత్రం గట్టిగానే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని సెక్షన్ 16లో ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు వైకల్యం ఉన్న పిల్లలకు రవాణా సదుపాయం కల్పించాలని ఉంది. ఎక్కువ ఆసరా అవసరమైన పిల్లలైతే వాళ్లకు తోడు వచ్చే మనిషికి కూడా కల్పించాలి. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది దాకా 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నారు. మీది 4 కిలోమీటర్లు. అంటే మామూలు పిల్లల లెక్కలో చూసినా అది దూరమే.

ఇక్కడే చాలామందికి తెలియని చిన్న కిటుకు ఉంది. బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో రవాణా డబ్బు రెండు వేర్వేరు పద్దుల నుంచి వస్తుంది. ఒకటి, దగ్గర్లో బడి లేని ఆవాసాల పిల్లలకు ఇచ్చేది. కేంద్రం నిబంధనల్లో దీని పరిమితి ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 6,000 రూపాయల వరకు. ఇది వైకల్యంతో సంబంధం లేనిది, మీ ఊరి నుంచి అదే హైస్కూలుకు వెళ్లే పిల్లలందరికీ వర్తించే అవకాశం ఉన్నది. రెండోది సహిత విద్య (వైకల్యం ఉన్న పిల్లల్ని అందరితో కలిపి చదివించడం) పద్దు. దాంట్లో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లవాడి మీద ఏడాదికి 3,500 వరకు ఖర్చు పెట్టొచ్చు. ఆ 3,500లోనే ఉపకరణాలు, పుస్తకాలు, రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం, చూపు లేని పిల్లలకు రీడర్ భత్యం అన్నీ ఇమడాలి. నెలకు వచ్చేది కొన్ని వందలే ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వైకల్యం ఉన్న ఆడపిల్లలకు వేరేగా నెలకు 200 చొప్పున స్టైపెండ్ ఉంది, అది రవాణా కోసం కాదు. రెండు పద్దుల డబ్బూ ఒకే పిల్లవాడికి వస్తుందని నేను మాట ఇవ్వను. కానీ మీ బాబు పేరు ఏ జాబితాలో ఉందో, అసలు ఉందో లేదో ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో అడిగి తెలుసుకోండి. "వికలాంగుల లిస్టులో లేడమ్మా" అంటే "దూరం లిస్టులో ఉన్నాడా సార్" అని అడగండి.

జాబితాలో పేరు లేకపోవడానికి నేను చూసిన ముఖ్య కారణం యూడైస్, అంటే బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా. బడివాళ్లు ఏటా ఆన్‌లైన్‌లో ప్రతి పిల్లవాడి వివరాలు ఎక్కిస్తారు. అందులో వైకల్యం ఉందా అన్న గడి ఉంటుంది. ఐదో తరగతి నుంచి ఆరో తరగతికి బడి మారినప్పుడు కొత్త బడివాళ్లు ఆ గడి సరిచూడకపోతే, సదరం సర్టిఫికెట్ మీ బీరువాలో భద్రంగా ఉన్నా, పైవాళ్ల దృష్టిలో మీ బాబు మామూలు పిల్లవాడే. టీసీ తీసుకెళ్లిన రోజే సదరం, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) జిరాక్సులు క్లర్కుకు ఇచ్చి, ఎక్కించాక స్క్రీన్ మీద ఒకసారి చూపించమనండి. సిగ్గుపడకండి. ఆ ఒక్క టిక్కు కోసం నేను ఒకసారి ఏడాదంతా తిరిగాను.

బ్యాంకు ఖాతా సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. భత్యం నేరుగా ఖాతాలో పడుతుంది. పిల్లవాడి ఖాతాకు ఆధార్ లింకు ఉండటం వేరు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర, ఆధార్ మీద వచ్చే డబ్బు ఆ ఖాతాలోనే వేయాలని మ్యాప్ అయి ఉండటం వేరు. రెండోది లేకపోతే డబ్బు వెనక్కి వెళ్తుంది, మనకు చెప్పేవాడుండడు. ఏడాదిగా లావాదేవీ లేని ఖాతా అయితే వంద రూపాయలు వేసి తీసి కదిలించండి.

డబ్బు ఎప్పుడు వస్తుందన్నది ఇంకో తలనొప్పి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నడవలేని ఒక పాపకు ఎస్కార్ట్ భత్యం శాంక్షన్ చేయించానని మహా సంబరపడ్డాను. ఆ భత్యాన్ని నమ్ముకుని ఊళ్లో ఆటో అతన్ని మాట్లాడాం. జూన్, జులై, ఆగస్టు అతను ఊరుకున్నాడు. సెప్టెంబరులో మానేశాడు, అతనిదీ పొట్టే కదా. పాప మానేసింది. మార్చిలో పది నెలల డబ్బు ఒక్కసారిగా పడింది. అప్పటికి ఆ పాప బడి మొహం చూసి ఆరు నెలలైంది. తప్పు నాదే. ఆ తర్వాత ఏ తల్లికైనా చెప్పేది ఒకటే: భత్యం మీద ఆటో మాట్లాడకండి. ఆటో ఎవరి డబ్బుతో నెలనెలా నడుస్తుందో ముందు చూసుకోండి, భత్యం వచ్చినప్పుడు ఆ అప్పు తీర్చుకోండి.

మరి 2,500 ఎక్కడి నుంచి తేవాలి? అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మీరు "బాబు కోసం ఆటో" మాట్లాడారు. అది మానేసి "ఊరి పిల్లల ఆటో" మాట్లాడండి. మీ ఊళ్లో ఈ ఏడాది ఐదో తరగతి అయిపోయిన పిల్లలందరూ అదే హైస్కూలుకు వెళ్లాలి. కొందరు సైకిళ్లు, కొందరు నడక, కొందరు దొరికిన బండి. ఆడపిల్లల తల్లులైతే ఆ 4 కిలోమీటర్ల గురించి మీకంటే ఎక్కువ టెన్షన్ పడుతుంటారు. బడి తెరవకముందే, మే నెలలోనే, ఆ నలుగురైదుగురి ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఐదుగురు పిల్లలైతే తలా 500. నలుగురైతే తలా 625, మీరు బాబుకు చోటు ఎక్కువ పడుతుందని 800 ఇస్తానన్నా మీ ఖర్చు మూడో వంతు కంటే తక్కువ. ఆటో అతనికి కూడా ఒక్క పిల్లవాడి బేరం కంటే ఇదే ఇష్టం, ఒకరు మానేసినా బండి ఆగదు. పైగా ఐదేళ్లు మీ బాబు పక్కన కూర్చున్న పిల్లలే ఆ ఆటోలో ఉంటారు. దిగాక సంచి మోసేది వాళ్లే, సారు ఏం హోంవర్కు ఇచ్చాడో సాయంత్రం మీకు చెప్పేదీ వాళ్లే. ఒంటరి ఆటోలో రోజూ వెళ్లొచ్చే పిల్లవాడు బడిలో కూడా ఒంటరిగానే మిగిలిపోవడం నేను చూశాను.

ఇక తోడు మనిషి. మొదటి రెండు మూడు నెలలు మీరే వెళ్లక తప్పదు, తర్వాత తగ్గించుకోవచ్చు. నాయనమ్మ కానీ, ఆ ఆటోలోనే మరో పిల్ల తల్లి కానీ వంతులేసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9 నుంచి ఉంది. కాబట్టి పొద్దున ఆటోలో బాబును దించి, మీరు బస్సులో తిరిగి వచ్చేయొచ్చు. మధ్యాహ్నం బాత్రూం కోసం మళ్లీ వెళ్లాలంటే ఇది బాగా కలిసొస్తుంది. ఈ బాత్రూం సంగతి ఎవరూ రవాణా లెక్కలో వేయరు. అన్నం తినిపించి, బాత్రూంకు తీసుకెళ్లే మనిషి బడిలో దొరక్క మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుని మళ్లీ దించి వచ్చే తల్లులు ఎందరో. ఆటో అప్పుడు రోజుకు నాలుగు ట్రిప్పులవుతుంది. హెడ్మాస్టరు గారితో మాట్లాడేటప్పుడు ఆయా సాయం చేస్తుందా, బాత్రూంలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవి మొదటే అడగండి.

ఇప్పుడు ఒక పని చేయండి. బడి తెరవకముందే ఒక రోజు బాబును తీసుకుని, వాడి మంచం దగ్గర నుంచి తరగతి గదిలో బల్ల దాకా పోయి రండి. 4 కిలోమీటర్లు ఆటో చూసుకుంటుంది. అడ్డం పడేది మిగతాదే. మీ ఇంటి అరుగు రెండు మెట్లు, వీధి మలుపులో కాలువ మీద బండ, బడి గేటు దగ్గర ఇసుక, గేటు నుంచి ఆరో తరగతి గది దాకా గ్రౌండు, వరండా మెట్లు. ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, కాగితం మీద రాసుకోండి. ర్యాంపు లెక్క సులువు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టు ఒకటైతే ఆరడుగులు, మూడు మెట్లయితే పద్దెనిమిది అడుగులు. చాలా బళ్లలో మూడు మెట్లకు ఆరడుగుల ర్యాంపు కట్టి ఫొటో తీసుకుంటారు. దాని మీద చక్రాల కుర్చీ తోయాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి, దిగేటప్పుడు దేవుడే దిక్కు. ర్యాంపు సరిగా లేకపోతే ఆరో తరగతిని మెట్లు లేని గదికి మార్చమని అడగండి. రూపాయి ఖర్చు లేని పని, అడిగితే సాధారణంగా కాదనరు.

చక్రాల కుర్చీ ఇంట్లో ఒకటి ఉందనుకుంటాను. దాన్ని రోజూ ఆటో మీద కట్టుకుని తీసుకెళ్లకండి, నెలలో వంకరపోతుంది. బడిలోనే ఉండిపోయే కుర్చీ ఇంకొకటి కావాలి. సమగ్ర శిక్ష వాళ్లు దివ్యాంగుల ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కోతో కలిసి పెట్టే ఉపకరణాల క్యాంపులో కొలతలు తీసుకుని ఇస్తారు. సీపీ పిల్లలకు వేరే కుర్చీ ఉంటుంది, వెన్నుకూ తలకూ ఆసరా, ముందు బల్ల ఉండేది. మామూలు వీల్‌చైర్ చేతిలో పెడితే "ఇది కాదండి, సీపీ చైర్" అని చెప్పండి. క్యాంపు ఎప్పుడో మీ భవిత కేంద్రం టీచర్‌కు తెలుస్తుంది.

ఆటోలో కూర్చోబెట్టడం కాస్త వివరంగా చెప్తాను, మీ నడుం కూడా ముఖ్యమే కదా. బాబు కాళ్లు బిగుసుకుని కత్తెరలా పడతాయా? అలాంటి పిల్లల్ని చంకల కింద చేతులు పెట్టి లేపితే ఒళ్లంతా కర్రలా నిటారవుతుంది, 28 కిలోలు 40 అనిపిస్తుంది. ముందు మోకాళ్లు మడవండి, తొడల్ని పొట్ట వైపు తెండి, ఒళ్లు మెత్తబడే దాకా రెండు క్షణాలు ఆగండి, అప్పుడు ఎత్తండి. ఎత్తేటప్పుడు మీ నడుం వంచకుండా మోకాళ్లు వంచండి. సీట్లో పిరుదులు వెనక్కి ఆనాలి. ఆటో సీటు ముందుకు జారుతుంది కాబట్టి మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెట్టండి, మోకాళ్ల మధ్య తువ్వాలు చుట్ట. బెల్టు ఛాతీకి కాదు, నడుము కింద తొడల మొదట్లో కట్టాలి. ఛాతీకి కడితే జారినప్పుడు మెడకు వస్తుంది. రెక్సిన్ పనివాడు వెడల్పాటి పట్టీ, క్లిప్పు వేసి సీటు కింద కడ్డీకి కుట్టిస్తాడు, పెద్ద ఖర్చు కాదు. అంచున ఎప్పుడూ కూర్చోబెట్టకండి, లోపలి వైపు, పక్కన పెద్ద పిల్లవాడు. కడుపు నిండా పెట్టి వెంటనే ఎక్కించకండి. గతుకుల రోడ్డు మీద తిన్నది పైకొస్తే మన పిల్లలకు ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. ముప్పావు గంట ముందు టిఫిన్ అయిపోవాలి.

ఫిట్స్ ఉంటే, లేదా చిన్నప్పుడు వచ్చి ఆగినా సరే, ఆటో అతనికి నేర్పండి. మన ఊళ్లలో మొదట చేసే పని తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం. దానివల్ల ఒరిగేదేమీ లేదు, వేళ్లకు గాయమవుతుంది. బండి పక్కన ఆపి, పిల్లవాణ్ని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, టైం చూడమనండి. నోట్లో నీళ్లు, చెంచా, ఏదీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటితే 108. ఈ నాలుగు ముక్కలూ, మీ నంబరూ ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి డ్రైవర్ ముందు అతికించండి. అతను చదువుకోలేదంటే నోటితో చెప్పించుకోండి.

డ్రైవర్ ఎవరన్నది బండి కంటే ముఖ్యం. ఊళ్లో అందరికీ తెలిసినవాడు, తాగుడు లేనివాడు. మాట రాని పిల్లలు, ఆడపిల్లలు ఉన్న ఆటోలో నేను ఒక నియమం పెట్టేదాన్ని: అందరికంటే చివర దిగేవాళ్లుగా వాళ్లు ఉండకూడదు, డ్రైవర్‌తో ఒక్కళ్లూ మిగలకూడదు. దారి కాస్త చుట్టైనా సరే. నిన్నటిదాకా కిలకిలా నవ్వుతూ ఎక్కిన పిల్ల ఉన్నట్టుండి ఆటో చూసి ఏడుస్తుంటే మొండితనం అనుకోకండి, ఏదో ఉందని వెతకండి. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇక దరఖాస్తు. నోటిమాటగా ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు. తెల్లకాగితం మీద ఇలా రాయండి:

"మండల విద్యాశాఖాధికారి గారికి, ప్రధానోపాధ్యాయుల ద్వారా. నా కుమారుడు (పేరు), వయసు 11, సెరిబ్రల్ పాల్సీ, సదరం ప్రకారం 75 శాతం వైకల్యం. ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరుతున్నాడు. మా ఇంటి నుంచి బడి 4 కిలోమీటర్లు. సొంతంగా నడవలేడు, బస్సు ఎక్కలేడు, తోడు లేకుండా ప్రయాణం చేయలేడు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 ప్రకారం బాబుకూ, తోడు వచ్చే మనిషికీ రవాణా సదుపాయం కల్పించగలరు. సమగ్ర శిక్ష కింద రవాణా, ఎస్కార్ట్ భత్యాలు మంజూరు చేయగలరు. ఇంటి దగ్గర చదువుకు మేము అంగీకరించడం లేదు. కుదరని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలపగలరు."

చివరి రెండు వాక్యాలూ వదలకండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. సదరం, యూడీఐడీ, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ జత చేయండి. భవిత టీచర్‌కు ఒక కాపీ, ప్రతిపాదనలు పంపేటప్పుడు ఆవిడే గుర్తు చేస్తుంది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అర్జీ పెట్టండి, తెలంగాణవాళ్లకైతే ప్రజావాణి. ముద్ర ఉన్న కాపీ చేతిలో ఉంటే అక్కడ మాట వేరుగా ఉంటుంది. అక్కడా కదలకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు రాయొచ్చు, 2016 చట్టం ఆ అధికారం ఇచ్చింది. నాకు తెలిసి పది కేసుల్లో ఎనిమిది ఎంఈవో ఆఫీసు దగ్గరే తేలిపోతాయి, కాగితం ఉంటే.

"మీకు పింఛను వస్తోంది కదమ్మా, అందులోంచి పెట్టుకోండి" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 6,000, తెలంగాణలో 4,016. అది మందులకు, ఫిజియోథెరపీకి, తిండికి. పింఛను ఉంటే రవాణా భత్యం ఇవ్వొద్దని ఎక్కడా లేదు. నవ్వుతూనే "ఆ రూల్ రాసివ్వండి సార్" అనండి.

ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు కూడా ఇలాంటివి అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. సెక్షన్ 16 గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికీ వర్తిస్తుంది. స్కూల్ బస్సులో "మీ పాపను ఎక్కించుకోం" అనడం కుదరదు. ఆటిజం పిల్లలైతే బస్సులో గొడవ చాలావరకు ఊహించనివి జరగడం వల్లే. రోజూ అదే సీటు, అదే ఆయా. మనిషి మారుతుంటే ముందు రోజు రాత్రే కొత్త మనిషి ఫొటో చూపించండి.

పెద్ద పిల్లల సంగతి వేరు. సమగ్ర శిక్ష పన్నెండో తరగతి దాకా ఉంది, ఇంటర్‌లో చేరగానే భత్యం అయిపోయిందనుకోవద్దు. అయితే 15, 16 ఏళ్లు వచ్చిన పిల్లలకు డబ్బు కంటే ఒంటరిగా వెళ్లడం నేర్పడం ముఖ్యం. చూపు బాగా తక్కువ ఉన్న ఒక అమ్మాయికి బస్సు నేర్పడానికి మాకు మూడు నెలలు పట్టింది. మొదట వాళ్లమ్మ పక్క సీట్లో, తర్వాత రెండు సీట్లు వెనక, తర్వాత అమ్మ ఎక్కించి నేను దిగేచోట నిలబడి. బోర్డు చదవలేదు కాబట్టి "ఈ బస్సు ఎక్కడికండీ" అని గట్టిగా అడగడం ఇంట్లో వంద సార్లు చెప్పించాం, ఆ పిల్లకు సిగ్గెక్కువ. స్టాపుకు ముందు స్పీడ్ బ్రేకర్లు రెండొస్తాయి, రెండోది దాటగానే లేచి నిలబడాలి. బస్సు రాకపోతే ఏం చేయాలి అన్నది కూడా నేర్పాం: స్టాపు పక్కన కిరాణా కొట్లో కూర్చుని ఇంటికి ఫోన్ చేయాలి, ఎవరి బైకూ ఎక్కకూడదు. ఆ కొట్టాయనకు ముందే చెప్పి ఉంచాం. ఒక రోజు నిజంగానే బస్సు రాలేదు. గంటన్నర కొట్లో కూర్చుని, ఆయనకు శనగపప్పు పొట్లాలు కట్టిపెట్టి ఇంటికొచ్చింది.

అమ్మా, మీ విషయంలో నాకు ఇంకా తెలియాల్సింది రెండు. బాబు ఆసరా పట్టుకుని ఓ నిమిషమైనా నిలబడగలడా? నిలబడగలిగితే ఆటో ఎక్కించే పద్ధతి వేరే ఉంది, మొత్తం ఎత్తక్కర్లేదు. ఫిట్స్ మందులు ఏమైనా వాడుతున్నాడా? ఈ రెండూ, బడి మెట్ల లెక్కా రాయండి. బడి జూన్ 12న తెరుస్తారు, ఆటో పిల్లల ఇళ్లకు మాత్రం ఈ ఆదివారమే వెళ్లండి, మగవాళ్లు కూడా ఇంట్లో ఉంటారు.